లీగు లేని రోజుల్లో దేశ విజేత ఎవరు?

1950లో భారతదేశంలో అత్యుత్తమ ఫుట్‌బాల్ క్లబ్బు ఏది? అధికారిక రికార్డుల్లో ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. దేశమంతటి క్లబ్బులు పాల్గొన్న జాతీయ లీగు 1996-97లో గానీ మొదలు కాలేదు. పంజాబ్‌లోని ఫగ్వారాకు చెందిన జేసీటీ మిల్స్ ఆ తొలి లీగు గెలిచింది. జాతీయ క్లబ్ విజేతల వరుస అక్కడి నుంచే మొదలవుతుంది. అంతకు ముందు 1977లో ఫెడరేషన్ కప్పు వచ్చింది గానీ అది నాకౌట్ పోటీ. దానికీ ముందు దేశాన్ని ఏలిన జట్లకు కప్పులు మిగిలాయి, పేరు మిగిలింది, ‘జాతీయ విజేత’ అన్న బిరుదు మాత్రం దక్కలేదు. వాటిలో ముందుగా చెప్పుకోవలసింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు.

పోటీ జరిగిన నాడు ఎవరూ ఇవ్వని బిరుదును దశాబ్దాల తర్వాత పాత ఫలితాలు తిరగేసి ఇవ్వడాన్ని వెనుకచూపు ఎంపిక అనవచ్చు. ఈ పని ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగింది అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో. చేత్తో పట్టుకుని పరుగెత్తే, కోలబంతితో ఆడే వాళ్ల ఆట మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. అయినా విజేతను వెనక్కి వెళ్లి వెతకడంలో వాళ్లకున్న అనుభవం, చేసిన పొరపాట్లు హైదరాబాద్ లెక్క తేల్చేందుకు బాగా పనికొస్తాయి.

ఒక్కో గెలుపుతో మొదలైన తగువు

అమెరికాలో తొలి కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ 1869 నవంబర్ 6న న్యూజెర్సీ రాష్ట్రం న్యూ బ్రన్స్‌విక్‌లో జరిగింది. ఈనాడు తెలుగువారు వేల సంఖ్యలో ఉంటున్న ఎడిసన్ పట్టణానికి అది పక్క ఊరు. జట్టుకు 25 మంది చొప్పున ఆడిన ఆ మ్యాచ్‌లో రట్గర్స్ 6-4తో ప్రిన్స్‌టన్‌ను ఓడించింది. సరిగ్గా వారానికి ప్రిన్స్‌టన్ తన మైదానంలో 8-0తో బదులు తీర్చుకుంది. ఆ ఏడాది ఫుట్‌బాల్ అంటే ఇంతే. ఇద్దరికీ ఒక గెలుపు, ఒక ఓటమి. అయినా 1869కి ‘జాతీయ విజేత’ను ప్రకటించిన జాబితాలు ఉన్నాయి. ఒక జాబితాలో ప్రిన్స్‌టన్ ఒక్కటే కనిపిస్తుంది, మరోదానిలో ఇద్దరూ కనిపిస్తారు. రెండు జట్లు, రెండు మ్యాచ్‌లున్న సంవత్సరంలోనే ఇంత తేడా వస్తే, దేశం నాలుగు మూలలా వందల జట్లు ఆడి, వాటిలో చాలా జట్లు ఒకదానికొకటి ఎదురుపడని సంవత్సరాల సంగతి చెప్పనక్కర్లేదు.

ఈ ఖాళీని నింపడానికి మొదట పూనుకున్నవారిలో పార్క్ డేవిస్ ఒకరు. ఆయన ప్రిన్స్‌టన్‌లో చదివి, తర్వాత పలు కాలేజీలకు శిక్షకుడిగా పనిచేసి, ఆట చరిత్రకారుడిగా పేరు తెచ్చుకున్నారు. 1869 నుంచి తన కాలం వరకు ఏటేటా విజేత ఎవరో చెప్పే జాబితాను 1930ల నాటి స్పాల్డింగ్ ఫుట్‌బాల్ గైడులో అచ్చు వేశారు. ఆయన కృషి గొప్పది. ఆనాటి ఫలితాలను ఒకచోట చేర్చడమే పెద్ద పని. కానీ 1896 సంవత్సరానికి ప్రిన్స్‌టన్‌తో పాటు లఫయెట్ కాలేజీని ఉమ్మడి విజేతగా పెట్టారు. ఆ ఏడాది లఫయెట్‌కు శిక్షకుడు ఆయనే. లఫయెట్ ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, ప్రిన్స్‌టన్‌తో మ్యాచ్ 0-0తో డ్రా అయింది, కాబట్టి ఎంపిక అన్యాయం కాకపోవచ్చు. అయినా తన జట్టుకు తానే పట్టం కట్టిన మాట వాస్తవం. ఆ అనుమానం ఆ పేరును ఈనాటికీ వదల్లేదు.

డేవిస్ తర్వాత ఎంపికదారుల సంఖ్య పెరిగింది. లాస్ ఏంజెలెస్‌లో 1936లో మొదలైన హెల్మ్స్ అథ్లెటిక్ ఫౌండేషన్ 1883 దాకా వెనక్కి వెళ్లి విజేతల పేర్లు రాసింది. డీక్ హౌల్‌గేట్ గణితసూత్రంతో ర్యాంకులు కట్టాడు. రిచర్డ్ బిల్లింగ్స్‌లీ మరో సూత్రంతో 1869 నుంచి లెక్క వేశాడు. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్ర ఆచార్యుడు ఫ్రాంక్ డికిన్సన్ 1926లో పాయింట్ల పద్ధతి తెచ్చాడు. ఆ పద్ధతిని రెండేళ్లు వెనక్కి జరిపి లెక్క వేయమని నోటర్ డేమ్ శిక్షకుడు న్యూట్ రాక్నీ అడిగాడు. జరిపితే 1924కు విజేత నోటర్ డేమ్ అయింది. ఆ 1924 జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడని అద్భుతమైన జట్టే, ఎవరు లెక్కించినా పైనే ఉంటుంది. అయినా ఏ సంవత్సరం నుంచి లెక్క మొదలుపెట్టాలో పోటీదారు అడిగి నిర్ణయింపజేయడం మంచి సంప్రదాయం కాదు.

అక్కడి పెద్ద కాలేజీల ఫుట్‌బాల్‌కు ఎన్‌సీఏఏ అనే నియంత్రణ సంస్థ తానుగా విజేతను ప్రకటించదు. ఏ ఎంపికదారు ఎవరిని ఎంచుకున్నాడో తన రికార్డుల పుస్తకంలో పక్కపక్కనే అచ్చు వేస్తుంది. అందుచేత ఒకే ఏడాదికి ముగ్గురు నలుగురు విజేతలుంటారు. ఏ కాలేజీకి నచ్చిన పేరు అది ఎత్తుకుని తన ఖాతాలో రాసుకోవచ్చు. అలబామా విశ్వవిద్యాలయం 1980లలో తన సమాచార పుస్తకంలో అయిదు పాత బిరుదులు కొత్తగా చేర్చింది. వాటిలో 1941 కూడా ఉంది. ఆ ఏడాది అలబామా రెండు మ్యాచ్‌లు ఓడి, పత్రికా విలేకరుల ఓటింగులో 20వ స్థానంలో నిలిచింది. హౌల్‌గేట్ సూత్రం ఒక్కటే దాన్ని మొదటి స్థానంలో పెట్టింది. టెక్సస్ ఏ అండ్ ఎం 2012లో 1919, 1927 సంవత్సరాలను తన బిరుదుల్లో కలుపుకుంది. 2016లో అమెరికా ఫుట్‌బాల్ శిక్షకుల సంఘం 1945 బిరుదును ఓక్లహోమా స్టేట్‌కు ఇచ్చింది. ఆ జట్టు ఆ ఏడాది తొమ్మిది ఆడి తొమ్మిదీ గెలిచింది. ఆటగాళ్లలో చాలామంది కన్నుమూశాక, 71 ఏళ్లకు దక్కిన గౌరవం అది.

బ్రెజిల్ తీర్మానం

మనం ఆడే ఫుట్‌బాల్‌లో వెనుకచూపు ఎంపికకు పెద్ద ఉదాహరణ బ్రెజిల్. అక్కడ జాతీయ లీగు 1971లో మొదలైంది. పెలే ఆడిన సాంతోస్ జట్టు 1961 నుంచి 1965 వరకు వరసగా అయిదేళ్లు ‘తాసా బ్రాజిల్’ కప్పు గెలిచినా జాతీయ విజేతల పట్టికలో దాని పేరు ఉండేది కాదు. 2010 డిసెంబర్‌లో బ్రెజిల్ ఫుట్‌బాల్ సమాఖ్య 1959 నుంచి 1970 వరకు జరిగిన పాత జాతీయ పోటీలను లీగు బిరుదులతో సమానంగా గుర్తించింది. పెలే కాలం అధికారిక చరిత్రలో కలిసింది. ఒక చిక్కూ వచ్చి పడింది. 1967లో రెండు జాతీయ పోటీలు జరిగాయి, రెండూ పామెయిరాస్ గెలిచింది. అందువల్ల ఆ క్లబ్బుకు ఒకే సంవత్సరంలో రెండు జాతీయ బిరుదులు ఉన్నాయి.

అమెరికా పద్ధతికీ బ్రెజిల్ పద్ధతికీ తేడా గమనించాలి. అమెరికాలో వ్యక్తులు లెక్కలు కట్టి విజేతను తయారుచేశారు. బ్రెజిల్ సమాఖ్య మైదానంలో గెలిచిన కప్పులకే పెద్ద పేరు పెట్టింది. మన దేశానికి రెండోదే దారి. ఎందుకంటే మన దగ్గర లీగు లేకపోయినా కప్పులు ఉన్నాయి, అవి ఎవరు గెలిచారో రికార్డూ ఉంది.

హైదరాబాద్ ఫతే మైదాన్ నుంచి ఢిల్లీ, బొంబాయి దాకా

స్వాతంత్ర్యానికి ముందూ తర్వాతా దేశంలో పెద్ద పోటీలు మూడు. 1888లో సిమ్లాలో సైనిక జట్ల కోసం మొదలై, 1940లో ఢిల్లీకి మారిన డ్యూరాండ్ కప్పు ఒకటి. 1891లో మొదలైన బొంబాయి రోవర్స్ కప్పు రెండోది. 1893 నుంచి కలకత్తాలో జరిగే ఐఎఫ్ఏ షీల్డు మూడోది. 1911లో మోహన్ బగాన్ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించి గెలిచింది ఈ షీల్డునే. రోవర్స్‌ను 1937లో బెంగళూరు ముస్లిమ్స్, డ్యూరాండ్‌ను 1940లో మహమ్మదన్ స్పోర్టింగ్ గెలిచి ఆ కప్పుల మీద తెల్లవాళ్ల పట్టు విడిపించాయి. రాష్ట్రాల మధ్య పోటీకి 1941 నుంచి సంతోష్ ట్రోఫీ ఉంది. దాన్ని జాతీయ ఛాంపియన్‌షిప్ అంటారు గానీ అందులో ఆడేవి రాష్ట్ర జట్లు, క్లబ్బులు కావు.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఈ రంగం మీదికి వచ్చింది 1940లలో. 1950లో అది రోవర్స్ గెలిచింది. 1951లో గెలిచింది. 1952, 1953, 1954లోనూ గెలిచింది. బొంబాయి కూపరేజ్ మైదానంలో వరసగా అయిదేళ్లు ఒక్క జట్టే కప్పు ఎత్తుకుపోవడం చరిత్రలో మరెవరికీ సాధ్యం కాలేదు. 1957లో మళ్లీ గెలిచింది. ఆంధ్ర పోలీస్ అన్న కొత్త పేరుతో 1960లో, 1963లో గెలిచింది. 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కప్పును పంచుకుంది. మొత్తం తొమ్మిది. మధ్యలో 1961లో రోవర్స్ గెలిచినదీ మన ఊరి జట్టే, సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్. ఇక డ్యూరాండ్ కప్పు పోలీసులకు 1950, 1954, 1957, 1961 సంవత్సరాల్లో దక్కింది. స్వాతంత్ర్యం తర్వాత తొలిసారి జరిగిన 1950 డ్యూరాండ్ ఫైనల్లో వాళ్లు ఓడించింది మోహన్ బగాన్‌ను.

ఈ జట్టు వెనక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియాలో చదివిన బడిపంతులు. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి 1943 నుంచి కన్నుమూసేదాకా కార్యదర్శిగా ఉండి పోలీసు జట్టును తీర్చిదిద్దారు. బంతిని కాళ్ల మధ్య ఆడించుకుంటూ గ్యాలరీ చప్పట్లు కొట్టించుకునే అలవాటు మాన్పించడానికి డ్రిబ్లింగ్ లేకుండా ఆడే పోటీలు పెట్టారు. బంతి కాలికి తాకీ తాకకముందే తోటివాడికి అందించాలి, బలం లేని కాలితోనూ కొట్టగలగాలి అని పట్టుబట్టి నేర్పారు. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన శిక్షణలో భారత జట్టు సాధించినవే. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, కేన్సర్‌తో చనిపోయారు. ఆయన జీవితం మీద ‘మైదాన్’ అనే హిందీ సినిమా 2024లో వచ్చేదాకా ఈ తరం తెలుగువారిలో చాలామందికి ఆ పేరు తెలియదంటే అది మన చరిత్ర పుస్తకాల లోపమే.

ఆయన దగ్గర పెరిగిన వాళ్ల పేర్లూ చెప్పుకోవాలి. హాఫ్‌బ్యాక్ నూర్ మహమ్మద్, రక్షణ ఆటగాడు అజీజుద్దీన్, వింగర్ జుల్ఫికరుద్దీన్, జకార్తా జట్టులోని యూసుఫ్ ఖాన్. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. ఈ నగరమే కన్న పీటర్ తంగరాజ్ దేశానికి గోల్‌కీపర్ అయ్యాడు. తర్వాతి తరంలో నయీముద్దీన్ నాయకత్వంలో భారత జట్టు 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చింది. మహమ్మద్ హబీబ్ 1977లో కలకత్తాలో పెలే ఆడిన అమెరికా క్లబ్బు కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టాడు.

మూడు సంవత్సరాలు, రెండు నగరాలు

ఇక అసలు లెక్క. డ్యూరాండ్, రోవర్స్ రెండూ ఒకే ఏడాది హైదరాబాద్ పోలీసులు గెలిచిన సంవత్సరాలు మూడు: 1950, 1954, 1957. ఢిల్లీ, బొంబాయి రెండు చోట్లా గెలిచినవాడు దేశ విజేత కాకపోతే ఇంకెవరు అనిపిస్తుంది. కానీ కలకత్తా ఒప్పుకోదు. దానికి బలమైన కారణమే ఉంది.

1950లో కలకత్తా లీగు, ఐఎఫ్ఏ షీల్డు రెండూ ఈస్ట్ బెంగాల్ గెలిచింది. 1954లో ఆ రెండూ మోహన్ బగాన్ గెలిచింది. 1957లో ఆ రెండూ మహమ్మదన్ స్పోర్టింగ్ గెలిచింది. అంటే మూడు సందర్భాల్లోనూ పడమటి రెండు కప్పులు హైదరాబాద్‌కు, తూర్పు రెండు బిరుదులు కలకత్తాకు వెళ్లాయి. కలకత్తా వైపు మాత్రం ప్రతిసారీ ఒక కొత్త జట్టు. హైదరాబాద్ వైపు ప్రతిసారీ అదే జట్టు. భారత ఫుట్‌బాల్ చరిత్రలో ఇంత చక్కగా పొసిగే తగువు మరొకటి కనబడదు. ఇప్పటిదాకా దాన్ని ఎవరూ తీర్పుకు పెట్టకపోవడం ఆశ్చర్యం.

ఇక్కడే అమెరికా అనుభవం అక్కరకొస్తుంది. డేవిస్, రాక్నీ, అలబామా వ్యవహారాల్లో జరిగిన తప్పు ఒక్కటే. ఫలితం ముందు మనసులో పెట్టుకుని కొలత తర్వాత వెతికారు. హైదరాబాదీలు డ్యూరాండే గొప్పదనడం, బెంగాలీలు షీల్డే గొప్పదనడం కూడా అదే తప్పు. గెలిచినవారి పేర్లు చూడకముందే కొలత నిర్ణయించుకోవాలి.

ఆ కొలతకు మూడు ప్రశ్నలు చాలు. పోటీలోకి దేశంలోని ఏ మూల నుంచైనా జట్టు రావచ్చా? మైదానం ఎవరి సొంతూరు? ఎదురుపడిన ప్రత్యర్థులు ఎంత గట్టివాళ్లు?

మొదటి ప్రశ్నతోనే కలకత్తా లీగు పక్కకు తప్పుకుంటుంది. ఎంత గట్టి పోటీ అయినా అది ఒక నగరపు లీగు, బయటి జట్లకు అందులో చోటు లేదు. ఐఎఫ్ఏ షీల్డు అలా కాదు, బయటి జట్లూ ఆడేవి, కాబట్టి దాన్ని డ్యూరాండ్, రోవర్స్‌లతో సమానంగానే నిలబెట్టాలి. రెండో ప్రశ్న దగ్గర తేడా తెలుస్తుంది. షీల్డు ప్రతి ఏడూ కలకత్తాలోనే జరిగేది. అక్కడ గెలిచిన మూడు పెద్ద క్లబ్బులకూ అది సొంతూరు, సొంత గ్యాలరీ. పోలీసులకు ఢిల్లీ గానీ బొంబాయి గానీ సొంతూరు కాదు. రోజుల తరబడి రైళ్లలో వెళ్లి, పరాయి మైదానాల్లో వారాల తరబడి ఉండి, మ్యాచ్ వెంట మ్యాచ్ ఆడి గెలవాలి. ఆటగాళ్లు పోలీసు ఉద్యోగులు కూడా. మూడో ప్రశ్నకు జవాబు 1950 డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్, 1957 డ్యూరాండ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్. కలకత్తా దిగ్గజాలను కలకత్తా బయట ఎదుర్కొని గెలిచారు.

ఈ కొలతతో 1950, 1954, 1957 సంవత్సరాలు హైదరాబాద్ సిటీ పోలీస్‌కే చెందుతాయి. ఈ వ్యాసం తీర్పు అది.

అదే కొలత మనకు ఇష్టం లేని జవాబులూ ఇస్తుంది, వాటినీ ఒప్పుకోవాలి. 1951లో పోలీసులు రోవర్స్ గెలిచినా, డ్యూరాండూ షీల్డూ రెండూ ఈస్ట్ బెంగాల్‌వి. ఆ ఏడాది దేశ విజేత ఈస్ట్ బెంగాల్. 1952లో డ్యూరాండ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ చేతిలో పోలీసులే ఓడారు. రోవర్స్ ఒక్కటి చేతిలో ఉంది గానీ, ఎదురెదురుగా జరిగిన ఫైనల్ ఈస్ట్ బెంగాల్ వైపు మొగ్గుతుంది. 1953లో డ్యూరాండ్ మోహన్ బగాన్‌కు, రోవర్స్ పోలీసులకు పోయాయి. అక్కడ ఉమ్మడి విజేతలు అని రాయడమే న్యాయం. అయిదు వరస రోవర్స్ కప్పులున్నాయి కదా అని అయిదేళ్ల దేశ విజేత అనడం అతిశయోక్తి. మూడు గట్టి బిరుదులు అయిదు మెత్తని బిరుదుల కన్నా విలువైనవి.

ఆ తర్వాతి కాలానికి పనిలేదు అనుకోవద్దు. 1961లో డ్యూరాండ్ ఆంధ్ర పోలీస్‌కు, రోవర్స్ సికింద్రాబాద్ ఈఎంఈకి దక్కాయి. దేశంలో రెండు పెద్ద కప్పులు ఒకే జంటనగరాలకు చేరిన ఏడు అది. 1972లో ఈస్ట్ బెంగాల్, 1977లో మోహన్ బగాన్ డ్యూరాండ్, రోవర్స్, షీల్డు మూడూ ఒకే ఏడాది గెలిచాయి (1972 రోవర్స్‌ను ఇద్దరూ పంచుకున్నారు). ఆ సంవత్సరాలకు ఏ కొలతా అక్కర్లేదు.

గెలిచిన పేరు ఎవరిది?

వెనక్కి వెళ్లి బిరుదు ఇవ్వాలంటే ఎవరి పేరున ఇవ్వాలో కూడా తేల్చాలి. అమెరికాలో ఓక్లహోమా ఏ అండ్ ఎం అన్న పాత పేరుతో 1945లో ఆడిన జట్టు బిరుదు 2016లో ఓక్లహోమా స్టేట్‌కు చేరింది. కాలేజీ ఒకటే, పేరు మారింది, చిక్కు లేదు. మన దగ్గర పేర్లతో పాటు సరిహద్దులూ మారాయి.

హైదరాబాద్ రాష్ట్ర జట్టు 1949-50, 1950-51 సంతోష్ ట్రోఫీ ఫైనళ్లలో బెంగాల్ చేతిలో ఓడింది. ట్రోఫీ చివరికి 1956-57లో అందింది, ఫైనల్ ప్రత్యర్థి బొంబాయి. అప్పటికి హైదరాబాద్ అన్న రాష్ట్రమే లేదు. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. జట్టు మాత్రం హైదరాబాద్ పేరుతోనే ఆడి, 1957-58లోనూ బొంబాయిని ఓడించి ట్రోఫీ నిలబెట్టుకుంది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో మూడోసారి గెలిచింది, ఈసారి బెంగాల్ మీద. 2014 తర్వాత ఈ మూడు ట్రోఫీలూ తెలంగాణవా, ఆంధ్రప్రదేశ్‌వా? పంచుకునేందుకు ఇవి ఆస్తులు కావు. ఏ పేరుతో గెలిచారో ఆ పేరుతోనే ఉంచి, ఆ ఆటగాళ్లు ఏ మైదానాల్లో పెరిగారో పక్కన రాస్తే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది.

ఈ మార్పులు ఎంత దూరం వెళ్లాయో చూడటానికి బొంగులూరు చాలు. నాగార్జునసాగర్ రోడ్డు మీద, ఇబ్రహీంపట్నం మండలంలో ఉన్న ఆ ఊరు ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలోది. ఆ జిల్లా పుట్టిందే 1978 ఆగస్టు 15న. పోలీసులు డ్యూరాండ్, రోవర్స్ కలిపి గెలిచిన 1957లో ఇబ్రహీంపట్నం ప్రాంతం హైదరాబాద్ జిల్లాలోనే ఉండేది. ఆ గెలుపు వార్త బొంగులూరుకు అప్పుడు సొంత జిల్లా వార్త. ఈ రోజు అదే ఊరి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే దారి గచ్చిబౌలి స్టేడియం దాకా తీసుకెళ్తుంది. 2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది అక్కడే. బెంగాల్ 1-0తో కేరళను ఓడించింది.

లీగు వచ్చాక ఈ చిక్కులన్నీ తీరిపోయాయనుకోవడమూ సరికాదు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పెనాల్టీల్లో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ ట్రోఫీ గెలిచింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ఆ రాత్రి హీరో. కానీ లీగు దశలో మొదటి స్థానంలో నిలిచి లీగు విజేతల షీల్డు గెలిచింది జమ్‌షెడ్‌పూర్, హైదరాబాద్ రెండోది. ఆ సీజన్‌లో దేశ విజేత ఎవరు? పాయింట్ల పట్టికలో పైనున్నవాడా, ఫైనల్ గెలిచినవాడా? ఇద్దరి పేర్లూ రికార్డుల్లో ఉన్నాయి. యాభై ఏళ్ల తర్వాత ఎవరైనా ఒక్క పేరే రాయాలనుకుంటే మళ్లీ కొలత వెతుక్కోవలసిందే.

చేయవలసిన పని

1937లో ఏర్పడిన అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బ్రెజిల్ సమాఖ్యలా ఒక తీర్మానం చేయవచ్చు. 1996-97కు ముందున్న సంవత్సరాలకు డ్యూరాండ్, రోవర్స్, ఐఎఫ్ఏ షీల్డు, వాటితో పాటు 1977 నుంచి ఫెడరేషన్ కప్పు విజేతలను ఒక పట్టికలో పెట్టి, రెండు పెద్ద కప్పులు ఒకే ఏడాది గెలిచిన క్లబ్బును ఆ ఏడాది జాతీయ విజేతగా గుర్తించవచ్చు. గుర్తింపు ఆ నాడు ఇచ్చిందా, తర్వాత ఇచ్చిందా అన్నది పట్టికలోనే స్పష్టంగా రాయాలి. పాత బిరుదును కొత్తగా ఇచ్చినట్టు దాచకుండా చెబితే ఎవరి గౌరవమూ తగ్గదు. 1950, 1954, 1957 వరసల్లో హైదరాబాద్ సిటీ పోలీస్ పేరు కనిపించాలి. రోవర్స్ కప్పు ఇప్పుడు జరగడం లేదు కాబట్టి ఆ కప్పు చరిత్రను ఆ పట్టిక అయినా కాపాడుతుంది.

ఈలోగా పాఠకులు చేయగలిగిందీ ఉంది. ఆనాటి మ్యాచ్‌ల వార్తలు తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ పత్రికల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. పోలీసు జట్టుకు, రాష్ట్ర జట్టుకు ఆడినవారి కుటుంబాలు హైదరాబాద్, సికింద్రాబాద్ వీధుల్లో, చుట్టుపక్కల జిల్లాల్లో ఉన్నాయి. వారి ఇళ్లలో జట్టు ఫొటోలు, మ్యాచ్ టికెట్లు, కత్తిరించి దాచిన పేపరు ముక్కలు ఉంటే వాటి వెనక తేదీ, మైదానం, ప్రత్యర్థి పేరు, స్కోరు, ఫొటోలో నిలబడ్డవారి పేర్లు వరసగా రాయించండి. తెలిసిన పెద్దలు ఉండగానే రాయించండి. ఒక నకలు దగ్గరి గ్రంథాలయానికో తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కో అందజేయండి.